గట్స్ లేవు సార్

పదకొండో భాగం

పోయిన వారం గటింగక్కని క్రీడా సంఘం ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వెళ్లిపోయాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఇక లోపలికి పంపుదాం.

పంపేముందు, మధ్యలో పత్రిక అందనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్టేడియం గ్యాలరీ మెట్ల కింద, కాస్త పొడుగు మనిషైతే తల వంచుకుని దూరాల్సిన గదిలో, షటిల్ రాకెట్లకు గట్స్, అంటే జాలీ దారాలు, అల్లే షాపు ఒకటి ఉంది. దాన్ని ఒక తండ్రి ముప్పై ఏళ్లు నడిపాడు. వణికే చేతులతో ఆయనకి ఇక పని సాగనప్పుడు, అప్పటిదాకా తానూ ఆడుతున్న పెద్దకూతురు ఆట మానేసి ఆ స్టూలు మీద కూర్చుంది. అప్పట్నుంచి ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. చేసేది గటింగ్ పని కాబట్టి, తల నెరిసినవాళ్లు కూడా గటింగక్క అనే పిలుస్తారు. ఆమె చెల్లెలికి పద్దెనిమిదేళ్లు. కోర్టులో ఈ మూల నుంచి ఆ మూలకి ఉరికే తీరు చూసి కోచ్ పెట్టిన పేరు ఉడుత.

జట్టు ఎంపిక పోటీల్లో సెమీఫైనల్ రోజు పొద్దున ఉడుత హాస్టల్ గది నుంచి కిందికి దిగలేదు. కోచ్ ఫోన్‌కి మాత్రం, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు నింపి, నాలుగు మాటలు వచ్చాయి: ‘గట్స్ లేవు సార్. ఆడలేను.’ సంఘం పెద్దలు ఆ నాలుగు మాటల్నీ చదివి, భయపడి పారిపోయిన పిల్ల జట్టుకి పనికిరాదని తేల్చి, రెండేళ్లు బ్యాన్ చేశారు. ఉడుత ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు నోరు విప్పలేదు. మూడోరోజు అక్కతో మాత్రం అంది, మూడు రాకెట్ల గట్సూ ఎవరో కోసేశారని. అంతే, అక్క చెప్పులేసుకుని బయల్దేరింది. ఈ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఈరోజు పదకొండు గంటలకి ఒక విచారణ సంపాదించింది. పన్నెండు రోజులైంది ఆ సెమీఫైనల్ జరిగి.

సరే, తలుపు తెరుచుకుంది.

పొడుగాటి బల్ల. దాని మీద అద్దం, అద్దం కింద ఎప్పుడో ఆడి మానేసిన జట్ల ఫొటోలు. నెత్తిన ఫ్యాను తిరిగినప్పుడల్లా ఏదో అడగబోయి ఆగినట్టు టక్కుమంటోంది. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో సంఘం అధ్యక్షుడు, రిటైరైన ఇంజనీరు. ఎవరేం మాట్లాడినా కాగితం మీద పెన్సిల్‌తో గీత గీయడం ఆయన అలవాటు. ఆయనకి కుడివైపు డాక్టరమ్మ, ఆపరేషన్లు చేసే చేయి. ఎడమవైపు మెడలో విజిలుతో కోచ్.

“పది నిమిషాలమ్మా,” అన్నాడు అధ్యక్షుడు గడియారం తీసి ముందు పెట్టుకుని.

“పది నిమిషాల్లో నేను సగం రాకెట్ కూడా అల్లలేను సార్. అయినా చూస్తాను,” అంది అక్క. కూర్చోమన్నా కూర్చోలేదు. “ముందు ఆ మెసేజ్ ఒకసారి పైకి చదవండి.”

కోచ్ ఫోన్ తీసి చదివాడు. చదువుతుంటేనే ఆయన మొహం చేదుమందు మింగినట్టయింది.

“మీకేం అర్థమైంది సార్?”

“అర్థం కాకపోవడానికి అందులో ఏముందమ్మాయ్? ధైర్యం లేదు, ఆడలేను అంది.”

“డాక్టరుగారూ, మీకేం అర్థమవుతుంది?”

డాక్టరమ్మ నవ్వాపుకుంది. “నన్నడిగితే ఏం లాభం? మా ఆపరేషన్ థియేటర్లో ఆ మాటంటే పేగులే. ఇవాళ పొద్దున కూడా ఒకాయనకి...”

“చాలు చాలు,” అన్నాడు అధ్యక్షుడు కంగారుగా. ఆయన టిఫిను చేసి అరగంటే అయింది.

“చూశారా సార్? బల్లకి ఆ పక్కనే ఒక మాటకి రెండు అర్థాలొచ్చాయి. ఇప్పుడు మూడోది చెబుతాను. మా షాపు బోర్డు మీద ఏం రాసుంటుందో మీకెవరికైనా గుర్తుందా? ‘ఇక్కడ గట్స్ వేయబడును.’ ముప్పై ఏళ్లు దాటింది ఆ బోర్డు పెట్టి. మాకు ధైర్యం వేసిపెట్టండి అని ఇంతవరకు ఒక్కరూ రాలేదు. పేగులు కుట్టించుకోవడానికీ రాలేదు. అందరూ రాకెట్లే తెచ్చారు.”

అధ్యక్షుడు పెన్సిల్ ఎత్తాడు గానీ గీత గీయలేదు.

“పొద్దున షట్టరెత్తగానే నాకు మొదట వినపడే మాట ‘అక్కా, గట్స్ ఉన్నాయా?’ ఉంటే ఉన్నాయంటాను. లేకపోతే లేవంటాను. పోయిన నెల సరుకు రాక వారంరోజులు షట్టర్‌కి ‘గట్స్ లేవు’ అని అట్ట కట్టాను. కోచ్ సార్, మీరు కూడా చదివి వెనక్కెళ్లారు. గటింగక్క పిరికిదైపోయిందని అప్పుడు ఎవరికీ చెప్పలేదే?”

డాక్టరమ్మ ఈసారి నవ్వేసింది.

ఇక్కడ ఈ కథ రాసేవాడికి కూడా ఒక మాట అడ్డం పడుతోంది, చెప్పేసి తప్పుకుంటాను. పూర్వం రాకెట్లకు పశువుల పేగుల్ని సాగదీసి, ఎండబెట్టి, మెలిపెట్టి బిగించేవాళ్లట. ఇప్పుడంతా నైలాను. పేగు పోయింది, పేరు మాత్రం పోలేదు. అదే పేగుల్ని ఇంగ్లీషువాడు ధైర్యానికి ఎందుకు వాడుకున్నాడో నాకు తెలీదు. మనకి ఆకలేస్తే పేగులు అరుస్తాయి, బిడ్డ మీద ప్రేమైతే పేగుబంధం అంటాం. అన్నీ కడుపుకే అప్పజెప్పి, ధైర్యాన్ని మాత్రం గుండె శాఖకి బదిలీ చేశాం. మా ఇంగ్లీషు మాస్టారు ఈ గట్స్‌ని ‘మర్యాదస్తుల పరీక్షలో రాయకూడని మాట’ అనేవారు. పరీక్షలో రాయకూడనివే బయట పనికొస్తాయని ఆయన చెప్పలేదు.

కోచ్ కుర్చీలో ముందుకి వంగాడు. దుర్మార్గుడు కాదాయన. పిల్లల కోసం సొంత మోకాళ్లు అరగదీసుకున్న మనిషి.

“నేను రోజుకి పదిసార్లు అరిచే మాటమ్మా అది. ‘గట్స్ ఉండాలే పిల్లా, గట్స్!’ అని. నెట్ దగ్గర వెనకాడితే అదే అరుస్తాను, మ్యాచ్ పోతే అదే అరుస్తాను. ఆ పొద్దున ఈ మెసేజ్ చూడగానే, నా అరుపుకి జవాబొచ్చిందనుకున్నాను.”

“మీ అరుపుకి జవాబు రాసేంత తీరిక దానికి ఆ పొద్దున లేదు సార్.”

“సరే, నువ్వన్నట్టు గట్సే తెగాయనుకుందాం,” డాక్టరమ్మ అంది. “ఇంకొకరి రాకెట్ అడిగి తీసుకోవచ్చుగా?”

“మీ కళ్లజోడు పగిలితే పక్కావిడది పెట్టుకుని కత్తి పడతారా మేడం? దాని రాకెట్‌కి నేను ఇరవయ్యారు పౌన్ల లాగుడుతో గట్స్ బిగిస్తాను. మిగతా పిల్లలకి ఇరవైరెండు. సెమీఫైనల్లో అలవాటులేని రాకెట్‌తో దిగడమంటే చీకట్లో మెట్లు దిగినట్టే.”

“మాటలు బాగానే ఉన్నాయి,” అన్నాడు అధ్యక్షుడు. “ఋజువు?”

“మీ స్టోరు రూములోనే ఉంది సార్. ఆరోజు కోచ్ సార్ కోపంలో దాని బ్యాగు లాక్కుని, జిప్పు కూడా తీయకుండా స్టోరులో పడేయించారు. తొమ్మిది రోజులుగా అడుగుతున్నాను, ఒక్కసారి తెరవండని.”

అటెండరు వెళ్లి బ్యాగు తెచ్చాడు. జిప్పు మీదుగా మట్టిరంగు టేపు, టేపు మీద తారీఖు, కోచ్ సంతకం. చింపారు. అక్క మూడు రాకెట్లనీ ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద పెట్టింది. గట్స్ అన్నీ తెగి, ఫ్రేముల అంచుల నుంచి ముళ్లపందిలా నిక్కబొడుచుకుని ఉన్నాయి.

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

“ఆటలో తెగిన గట్‌కి కొసన పీచు లేస్తుంది,” అంది అక్క, కొంగుముడిలోంచి ఒక తెగిన ముక్క తీసి పక్కన పెడుతూ. “ఇదిగో, నిన్న ఒక పిల్లాడి రాకెట్లోంచి తీసింది. ఇప్పుడు వీటి కొసలు చూడండి. నున్నగా, బల్లపరుపుగా ఉన్నాయి. ఒక్కదానికైనా పీచుందా?”

డాక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీద నుంచి దించి, రెండు కొసల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. “లేదు. ఇది తెగింది కాదు, కోసింది. గాయం చూస్తే తెలియదా నాకు?”

అధ్యక్షుడు గీత గీశాడు. దాని కింద ఇంకో గీత కూడా గీశాడు. కోచ్ మెడలోంచి విజిలు తీసి బల్ల మీద పెట్టాడు.

“తప్పు నాదే. సంచి జిప్పు లాగి చూసుంటే సరిపోయేది. ఆ పిల్లని పదిమందిలో పిరికిదన్నాను. నేనే వచ్చి మాట్లాడతాను దాంతో,” అన్నాడు.

అక్కకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్ని రోజులూ ఆమె అడిగిన మాట ఇదే. ఎవరి కాళ్లూ పట్టుకోకుండా, ఎవరి సిఫారసూ లేకుండా, తన పనిలో తనకి తెలిసిన ముక్కతోనే ఆ మాట రాబట్టింది. గొప్పగా అనిపించింది, అనిపించాలి కూడా.

“అయితే ఎవరు కోశారు? కోత చూసి చెప్పగలవా?” అని అడిగింది డాక్టరమ్మ.

“చూస్తాను మేడం.”

అక్క ఒక రాకెట్ తీసుకుని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. చూసింది. రెండోది దాని మీద పెట్టి చూసింది. మూడోది తీసింది. ఫ్రేములు మూడూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. వంకర లేదు.

గట్స్ పని తెలిసినవాళ్లకి మొదట నేర్పేది అల్లడం కాదు, కోయడం. ఇరవయ్యారు పౌన్ల బిగింపులో ఉన్న రాకెట్‌ని ఇష్టం వచ్చినట్టు కోస్తే, ఒకపక్క లాగుడు పోయి ఇంకోపక్క మిగిలి, ఫ్రేము వంకర తిరుగుతుంది. ఒక్కోసారి పగిలిపోతుంది. అందుకని నడిమధ్యలో మొదలుపెట్టాలి. ఒక నిలువుది, ఒక అడ్డంది, మళ్లీ ఒక నిలువుది, అలా మూలల వైపు జరుగుతూ పోవాలి. తన చేతుల్లోని మూడు రాకెట్లలోనూ కోతలు సరిగ్గా మధ్య నుంచి మూలలకి, గీత గీసినట్టు సాగాయి. ఎవరో చాలా ఓపిగ్గా, చాలా జాగ్రత్తగా, ప్రేమగా కోశారు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి గటింగ్ రాదు కాబట్టి అలా అని ఉంటారు.

“ఏమ్మా? ఏమైనా తెలిసిందా?”

“లేదు మేడం,” అంది అక్క, రాకెట్లు కింద పెట్టి. “తెలియడం లేదు.”

చేసే పని గురించి ఆమె అబద్ధం చెప్పడం జీవితంలో అదే మొదలు. చెప్పాక నాలుక నోట్లో తనది కానట్టు అనిపించింది.

అధ్యక్షుడు హాస్టల్ రిజిస్టరు తెప్పించాడు. ఆ గదిలో ఉన్నది ఇద్దరు. ఒకరు ఉడుత. రెండోది పదహారేళ్ల పిల్ల, అందరూ పొడుగమ్మాయి అంటారు. ఉడుత దిగకపోతే రిజర్వులో ఉన్న ఆ పిల్లనే కోర్టులోకి దింపారు. గెలిచింది, జట్టులోకి వచ్చింది.

“లాభపడింది ఒక్కతే,” అన్నాడు అధ్యక్షుడు. “లెక్క సరిపోతోంది.”

“కింద కోర్టులోనే ప్రాక్టీసులో ఉంది. వాళ్లమ్మని కూడా పిలిపిస్తాను,” అన్నాడు కోచ్. ఇందాక తప్పు ఒప్పుకున్నవాడు ఇప్పుడు ఆ తప్పు దిద్దుకునే తొందరలో ఉన్నాడు. ఆ తొందరే అక్కని భయపెట్టింది.

“మీ చెల్లెలి బ్యాన్ ప్రస్తుతానికి ఆపుతున్నామమ్మా. కోసింది ఎవరో తేలాక పూర్తిగా ఎత్తేస్తాం. ఇలాంటి పని చేసినవాళ్లకి మాత్రం ఇక జన్మలో ఏ కోర్టులోనూ చోటుండదు. పావుగంటలో మళ్లీ కూర్చుందాం,” అని అధ్యక్షుడు గడియారం జేబులో వేసుకున్నాడు.

*

వరండా చివర విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి పక్కన మంచినీళ్ల కుళాయి దగ్గర ఉడుత గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉంది. కింద ఇండోర్ కోర్టులోంచి షటిల్ చప్పుడు టప్, టప్ మని పైకి వస్తోంది.

“ఏమన్నారక్కా?”

“బ్యాన్ ఆపేశారు.”

ఉడుత మొహం పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి వెలిగింది. అక్క మొహం చూసి ఆరిపోయింది.

“ఎవరు కోశారే?”

“చెప్పాగా అక్కా, ఎవరో...”

“ఆ ఎవరోకి మన రాకెట్ల మీద అంత ప్రేమేంటే? నడిమధ్యన మొదలుపెట్టి, ఒక నిలువు, ఒక అడ్డం, మూలల దాకా లెక్కగా కోశాడు. మూడు ఫ్రేములూ నిక్షేపంలా ఉన్నాయి. పగబట్టినవాడు బ్లేడుతో అడ్డంగా గీకి పారిపోతాడు గానీ, అయ్యో ఫ్రేము వంకరపోతుందేమో అని దిగులుపడతాడా?”

ఉడుత కుళాయి వైపు చూసింది.

“అలా కోయడం మన ఇంట్లో ముగ్గురికే వచ్చు. నాన్న చేతిలో కటింగ్ ప్లయర్ నిలవదు. నేను కోయలేదు.”

“నేనే అక్కా.”

ఎంత మెల్లగా అందంటే, షటిల్ చప్పుడు ఆగిన సందులో కాబట్టి వినపడింది.

అక్క చేయి లేచింది. లేచిన చేయి అక్కడే ఆగి, ఏం చేయాలో తెలియక కుర్చీల దొంతర మీద వాలింది. “ఎందుకే?” అంది.

“ఆ పొద్దున లేవగానే మూడుసార్లు బాత్రూముకెళ్లాను. షూ లేసు కట్టుకుందామంటే వేళ్లు మాట వినలేదు. మంచం మీద కూర్చుని మెసేజ్ పెట్టేశాను, గట్స్ లేవు సార్, ఆడలేను అని. కోచ్ సార్ సరిగ్గానే చదివారక్కా. ధైర్యం లేదనే రాశాను నేను.”

“మరి ఆ కోత?”

“పంపాక చూసుకున్నాను. అటుపక్క చదివేసినట్టు గుర్తు పడిపోయింది. నేను పిరికిదాన్ని అని నా చేత్తో నేనే రాసిచ్చేశానే అనిపించింది. ఒళ్లంతా సిగ్గుతో మండిపోయిందక్కా. అప్పుడు రాకెట్లు, వాటి పక్కనే ప్లయరూ కనపడ్డాయి. ఆ మాటకి ఇంకో అర్థం ఉందిగా, మన షాపు అర్థం. నిజంగానే గట్స్ లేకుండా చేసేస్తే, రాసింది అబద్ధం కాదు, నేను పిరికిదాన్నీ కాదు.”

ముందు మెసేజ్, తర్వాత కోత. లోపల అక్క పది నిమిషాలు చెమటోడ్చి ఒక మాటని గుండెలోంచి రాకెట్లోకి దింపి వచ్చింది. అదే పని ఆమె చెల్లెలు పన్నెండు రోజుల కిందటే ఒక కటింగ్ ప్లయర్‌తో పూర్తిచేసి పెట్టింది.

“ఎవరో కోశారని నాతో ఎందుకన్నావే మరి?”

“నోరు జారిందక్కా. గట్స్ కోసేసి ఉన్నాయి అన్నాను. ఎవరు అన్నావు. ఎవరో అన్నాను. నిజం చెబుదామని లేచి కూర్చునేసరికి నువ్వు చెప్పులేసుకుని వీధి చివర ఉన్నావు.”

అక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, రెండూ కుదరక దగ్గొచ్చింది.

“వందసార్లు ఆడావు కదే. ఆ రోజే ఎందుకంత భయమేసింది?”

“ఇదివరకు ఎప్పుడు ఆడినా నేనొక్కదాన్నే ఆడాను. ముందురోజు నాన్న ఫోన్ చేసి, ‘నా చేతులు పోతే పోయాయి, నీ చేతులున్నాయిగా’ అన్నాడు. నువ్వు నా కోసం ఆట మానేసి ఆ స్టూలెక్కావు. మీరెవరూ ఒక్కమాట అనరు. అనకపోయినా నాకు తెలుసుగా. రాకెట్ ఎత్తితే మీరంతా దాని మీదే కూర్చున్నట్టుందక్కా. లేవలేదు నా చేయి.”

అక్క ఆ పిల్లని చూస్తూ నిలబడింది. కోపం ఇంకా ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది. చెల్లెలి రాకెట్ ఎన్ని పౌన్లకి బిగించాలో ఆమెకి తెలుసు, ఏ గ్రిప్పు ఎన్నాళ్లొస్తుందో తెలుసు. ‘నీకు భయమేస్తోందా’ అని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు. అది తలుచుకుంటే ఆమెకి సిగ్గేసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పొడుగమ్మాయి చెమట తుడుచుకుంటూ రెండేసి మెట్లెక్కి వచ్చింది. వెనకాలే ఆయాసపడుతూ వాళ్లమ్మ, కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

“ఎందుకు పిలిచారమ్మా మా పిల్లని? ఏమైనా మంచి మాటేనా?” అని ఆవిడ అక్కని అడిగింది. అక్క ఆవిడకి దారిస్తూ గోడ పక్కకి జరిగింది.

పొడుగమ్మాయి తిన్నగా వచ్చి ఉడుతని కావలించుకుంది. “నీ బ్యాన్ ఆపేశారటగా అక్కా! కింద చెప్పారు.” తర్వాత చెవి దగ్గర మెల్లగా అంది, “నువ్వేం భయపడకు. నేనున్నాగా.”

విచారణకి పిలుపందుకున్న పిల్ల, పిలవనిదానికి ధైర్యం చెబుతోంది. ఎందుకో ఉడుతకి అర్థం కాలేదు. అటెండరు తలుపు తీసి పేరు పిలిచాడు. తల్లీ కూతుళ్లు లోపలికెళ్లారు. తలుపు మూసుకుంది.

“నేను వెళ్తున్నాను,” అంది అక్క కొంగు సవరించుకుని. “కోసింది ఆ పిల్లే అనుకుంటున్నారు, కోసినవాళ్లకి జన్మలో ఏ కోర్టులోనూ చోటుండదంటున్నారు. ఇందాక కోత చూసి కూడా తెలియదన్నాను. చేసే పని మీద అబద్ధమాడి, రేపు ఆ స్టూలు మీద కూర్చోలేను నేను. చూసింది చూసినట్టు చెప్పేస్తాను. నువ్వొస్తావో రావో నీ ఇష్టం.”

“రెండేళ్లు కాదక్కా ఈసారి. జన్మంతా.”

“అవును.”

“నాన్నకి తెలిస్తే...”

“నాన్నకి నేను చెబుతాను. అది నా వంతు. లోపల చెప్పాల్సింది మాత్రం నీ వంతు. నేను చెబితే దొంగని పట్టించినట్టవుతుంది. నువ్వు చెబితే ఆ పిల్ల బతుకు నిలబడుతుంది. చేతులు వణుకుతున్నాయా?”

“వణుకుతున్నాయి.”

“వణకనీ. నాన్న చేతులు వణకడం మొదలెట్టాక కూడా ఆయన రెండేళ్లు గట్స్ వేశాడు. నాకు తెలుసు, పక్కన కూర్చున్నాను కాబట్టి. పద, పక్కన నేనుంటాను.”

ఉడుత కుళాయి తిప్పి మొహం మీద నీళ్లు చల్లుకుంది. జడ వెనక్కి విసిరి, సర్వీస్ ముందు పీల్చినట్టు ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది. ఇద్దరూ వరండా దాటి తలుపు దగ్గరికొచ్చారు. తలుపు పైనున్న వెంటిలేటరు తెరిచే ఉంది. లోపలి మాటలు ఒక్కొక్కటీ వినపడుతున్నాయి.

“నిజం చెప్పమ్మా,” అధ్యక్షుడి గొంతు. “ఆ మూడు రాకెట్లూ కోసిందెవరో నీకు తెలుసా?”

“తెలుసు సార్,” అంది పొడుగమ్మాయి.

అక్క చేయి ఉడుత మణికట్టుని పట్టుకుంది. ఆ పొద్దున ఆ గదిలో రెండో మంచం ఖాళీగా లేదు. దుప్పటి కింద ఎవరో మేలుకునే ఉన్నారు.

“ఎవరు?”

“నేనే సార్. నేనే కోశాను.”

లోపల కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. “ఏమంటున్నావే! నీకేమైనా పిచ్చెక్కిందా!” అని తల్లి అరుపు, వెంటనే ఒక చెంపదెబ్బ.

అక్క ఏదో అనబోయింది. ఉడుత ఆమె చేతిని విడిపించుకుంది. ఇక అక్క వైపు చూడలేదు. రెండు చేతులూ వణుకుతూనే ఉన్నాయి. ఆ రెండు చేతులతోనే తలుపు తోసింది.